దొడ్డిదారిన పోయే ఫైళ్లు

పిల్లలూ! ఈ నెల పాఠం ఒక ఆటతో మొదలుపెడదాం. దీనికి కంప్యూటరు అక్కర్లేదు. కాగితం, కలం చాలు.

మీ తరగతిలో నలభై మంది ఉన్నారనుకోండి. సైన్సు మాస్టారి దగ్గర నలభై పేజీల నోట్సు ఉంది. అది అందరికీ కావాలి. జిరాక్సు దుకాణం ఆ వేళ మూసేశారు. ఒక పేజీ ఎత్తి రాసుకోవడానికి పది నిమిషాలు పడుతుందనుకుందాం.

మొదటి పద్ధతి ఇది. నోట్సు మాస్టారి బల్ల మీదే ఉంటుంది. ఒక్కొక్కరే వచ్చి, బల్ల దగ్గర కూర్చుని, నలభై పేజీలూ రాసుకుని వెళ్లాలి. ఒకరికి 400 నిమిషాలు పడుతుంది. నలభై మందికీ కలిపి 16,000 నిమిషాలు, అంటే రాత్రింబవళ్లు రాసినా పదకొండు రోజుల పైమాటే. బల్ల దగ్గర క్యూ సంగతి వేరే చెప్పాలా!

రెండో పద్ధతి చూడండి. మాస్టారు నోట్సు కుట్టు విప్పేసి, తలా ఒక పేజీ ఇచ్చారు. అందరూ గుండ్రంగా కూర్చుని ఒకేసారి రాయడం మొదలుపెట్టారు. పది నిమిషాలు కాగానే ఎవరి దగ్గరి పేజీ వారు కుడి పక్కవారికి ఇచ్చి, ఎడమ పక్కవారి పేజీ అందుకున్నారు. ఇలా నలభై సార్లు తిరిగేసరికి అందరి దగ్గరా మొత్తం నోట్సు తయారు! పట్టిన కాలం 400 నిమిషాలు. మొదటి పద్ధతిలో ఒక్కడికి పట్టిన కాలంలోనే ఇక్కడ నలభై మందికీ పని ఐపోయింది. నమ్మకం కుదరకపోతే నలుగురు కూర్చుని నాలుగు పేజీలతో ఆడి చూడండి.

ఇంటర్నెట్టులో ఫైళ్లు అందే పద్ధతులు కూడా ఈ రెండే. మొదటిదానిలో ఇచ్చేది ఒక పెద్ద కంప్యూటరు, దాన్ని సర్వరు అంటారు. పుచ్చుకునేవి మిగతావన్నీ. రెండోదానిలో ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు అనే తేడా లేదు. అందరూ ఇస్తారు, అందరూ పుచ్చుకుంటారు. దీనికి పీర్ టు పీర్ అని పేరు. పీర్ అంటే సాటివాడు. కాబట్టి మనం దీన్ని సాటివారి పంపకం అందాం.

ఇంత చక్కని ఉపాయాన్ని ఎన్నో కంపెనీలు తమ ఆఫీసుల్లో కాలు పెట్టనివ్వవు. ఎందుకు పెట్టనివ్వవు, ఎలా ఆపుతాయి, ఆపబోతే అది ఎలా తప్పించుకుంటుంది అన్నదే ఈ నెల పాఠం.

పంపకం పుట్టుక

1999లో అమెరికాలో షాన్ ఫానింగ్ అనే కాలేజీ కుర్రాడు నాప్‌స్టర్ అనే ప్రోగ్రాము తయారుచేశాడు. ఎవరి కంప్యూటరులో ఏ పాట ఉందో ఒక జాబితా నాప్‌స్టర్ సర్వరులో ఉండేది. పాట మాత్రం ఒకరి యంత్రం నుంచి ఇంకొకరి యంత్రానికి నేరుగా పోయేది. విద్యార్థులు వెర్రెత్తినట్టు వాడారు. కొన్ని విశ్వవిద్యాలయాల లైన్లు పాటలతోనే నిండిపోయి, చదువు పనులకి చోటు లేకుండా పోయింది. అంచేత 2000 ప్రాంతంలో వాళ్లే దాన్ని మొట్టమొదట అడ్డుకోవలసివచ్చింది. ఈలోగా పాటల కంపెనీలు కోర్టుకెక్కాయి. 2001 జూలైలో నాప్‌స్టర్ పంపకం ఆగిపోయింది. జాబితా ఒక్కచోట ఉంది కనుక ఆ ఒక్కటీ మూస్తే సరిపోయింది.

 2000 మార్చిలో బయటికి వచ్చిన న్యుటెల్లాలో జాబితా అనేదే లేదు. మీకేదైనా ఫైలు కావాలంటే మీ నలుగురు స్నేహితుల్ని అడుగుతారు. ఒక్కొక్కరూ మీరు కాక తమకున్న మరో ముగ్గుర్ని అడుగుతారు. ప్రశ్న ఏడు చేతులు మారాక ఆగిపోవాలని నియమం. ఎంతమందిని అడిగినట్టయింది? 4, 12, 36, 108, 324, 972, 2916. మొత్తం 4372 మంది! ఒక్క పాట కోసం ఇన్ని ప్రశ్నలు తీగల మీద పరుగెత్తాయన్నమాట. మూసెయ్యడానికి మధ్యలో ఎవరూ లేరు. కాని ఊరంతా గోల.

2001లో బ్రామ్ కోహెన్ రాసిన బిట్‌టొరెంట్ వీటన్నిటికన్నా తెలివైనది. మన నోట్సు ఆట దాదాపుగా అదే. పెద్ద ఫైలును ముక్కలుగా చేస్తుంది. ప్రతి ముక్కకీ వేలిముద్ర లాంటి 20 బైట్ల గుర్తు ఒకటి లెక్కగట్టి ముందే రాసిపెడుతుంది. ముక్క ఎవరి దగ్గర్నుంచి వచ్చినా, దాని వేలిముద్ర మళ్లీ లెక్కగట్టి, రాసిపెట్టినదానితో సరిపోతేనే ఉంచుకుంటుంది. ఒక్క అక్షరం మారినా ముద్ర మారిపోతుంది. అందుకే ముక్కూమొహం తెలియనివాడు పంపిన ముక్కనైనా ధైర్యంగా తీసుకోవచ్చు.

దీనిలో ఇంకో రెండు నియమాలున్నాయి. అందరికన్నా తక్కువమంది దగ్గర ఉన్న ముక్కని ముందు తెచ్చుకోవాలి. ఇరవై మూడో పేజీ ఒక్క రాముడి దగ్గరే ఉండి, రాముడు సాయంత్రం బస్సుకి ఊరెళ్లిపోతుంటే, మీరు ముందు రాసుకోవలసింది ఏ పేజీ? అదన్నమాట. రెండో నియమం, నాకిచ్చేవాడికే నేనిస్తాను అన్నది. ఇవ్వకుండా పుచ్చుకునేవాడికి వాటా తగ్గిపోతుంది. కొత్తగా వచ్చినవాడికి ఇవ్వడానికేమీ ఉండదు కాబట్టి అప్పుడప్పుడు ఎవరో ఒకరికి ఊరికే ఇచ్చి చూస్తుంది కూడా. ఈ సంతలో మర్యాద మన సంతల్లో కన్నా మెరుగని నాకు అనిపిస్తుంది.

ఒక ఆఫీసు కథ

నా పాత విద్యార్థి ఒకడు హైదరాబాదులో పద్దులు రాసే ఒక చిన్న ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునేవాడు. పదిహేనేళ్ల కిందటి మాట. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు చెప్పిన కథ ఇది.

ఆదాయపు పన్ను రిటర్నులకి గడువు దగ్గరపడింది. ఆఫీసులో ఇరవై మంది కూర్చుని కాగితాలు పంపుతున్నారు. లైను రెండు వైపులా సెకనుకి 2 మెగాబిట్లు మోస్తుంది. ఉన్నట్టుండి ఏదీ కదలడం మానేసింది. "మాస్టారూ, నేను రెండు రోజులు లైను ఇచ్చినవాళ్లని తిట్టాను" అన్నాడు వాడు.

మూడోనాడు రూటరు తెరిచి చూశాడు. ఏ యంత్రం బయట ఎవరెవరితో మాట్లాడుతోందో రూటరులో కనిపిస్తుంది. ఇరవై యంత్రాలకి తలా ఒకటో రెండో సంభాషణలు. ఒక్క యంత్రానికి మాత్రం అరవై!

లెక్క వేద్దాం. లైను ఇరుకైనప్పుడు ఇంటర్నెట్టులో పంపిణీ మనుషుల లెక్కన జరగదు, ఇంచుమించుగా సంభాషణల లెక్కన జరుగుతుంది. ఇరవై మందికి తలా ఒకటి, ఆ ఒక్క యంత్రానికి అరవై, మొత్తం 80 వాటాలు. 2 మెగాబిట్లంటే 2000 కిలోబిట్లు. 2000ని 80తో భాగిస్తే వాటాకి 25. అరవై వాటాలవాడికి 1500 పోయింది. మిగిలిన ఇరవై మందికీ కలిపి 500. లైనులో ముప్పావు భాగం ఒక్కడిదే.

వాడు లేకపోతే ఇరవై మందికీ తలా 100 కిలోబిట్లు వచ్చేది. 500 కిలోబైట్ల కాగితం పంపాలంటే, బైటుకి ఎనిమిది బిట్లు గనక, 4000 కిలోబిట్లు. వందతో ఐతే 40 సెకన్లు. ఇరవై ఐదుతో ఐతే 160 సెకన్లు. గడువు చివరి గంటలో అవతలి సర్వరు అంతసేపు కాచుకుని కూర్చోదు. చాలించి తలుపేసుకుంటుంది. మళ్లీ మొదటికి.

ఇంతకీ ఆ అరవై సంభాషణలవాడు ఏం చేస్తున్నాడు? ఏమీ చెయ్యడం లేదు! ముందు వారం ఎప్పుడో ఒక సినిమా దించుకున్నాడు. చూడ్డం కూడా ఐపోయింది. కాని ప్రోగ్రాము ఆపలేదు. సాటివారి పంపకంలో పుచ్చుకోవడం ఐపోయినా ఇవ్వడం ఐపోదు. ఆ యంత్రం రాత్రింబవళ్లు కూర్చుని ఊరూ పేరూ తెలియని అరవై మందికి సినిమా పంచిపెడుతోంది, ఆఫీసు ఖర్చు మీద.

సినిమా సంగతి ఇంకొకటుంది. హక్కుదారు అనుమతి లేకుండా దాన్ని పంచిపెట్టడం నేరం. మన 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, తెలిసి చేసినవారికి ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకూ జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల వరకూ జరిమానా పడవచ్చు. బయటివారికి కనిపించే చిరునామా ఆ కుర్రాడిది కాదు, ఆఫీసుది. అడగడానికి వచ్చేవాళ్లు ముందు ఆఫీసు తలుపే తడతారు.

అసలు భయం

లైను ఇరుకైతే డబ్బు పెట్టి వెడల్పు చేసుకోవచ్చు. అంతకన్నా పెద్ద భయం వేరే ఉంది.

బిట్‌టొరెంట్ మీరు చెప్పిన ఫైలునే పంచుతుంది. పాత రకం ప్రోగ్రాములు అలాకాదు. "ఏ ఫోల్డరులోవి పంచమంటారు?" అని మొదట్లోనే ఒకసారి అడిగేవి. తొందరలో ఎవరో అన్ని కాగితాలూ ఉన్న పెద్ద ఫోల్డరు చూపించారనుకోండి. పాటలతో పాటు జీతాల పట్టీలు, ఉత్తరాలు, బ్యాంకు లెక్కలు కూడా సంతలోకి వచ్చేస్తాయి. ఇది తెలివితక్కువవాళ్లకే జరుగుతుందనుకోకండి. అప్పట్లో బాగా వాడుకలో ఉన్న కజా అనే ప్రోగ్రాము మీద ఇద్దరు పరిశోధకులు 2002లో ఒక పరీక్ష పెట్టారు. పన్నెండు మందిని కూర్చోబెట్టి, ఈ యంత్రం ఏయే ఫైళ్లు పంచుతోందో చెప్పమన్నారు. సరిగ్గా చెప్పగలిగినవాళ్లు ఇద్దరే!

2007లో మందుల కంపెనీ ఫైజర్‌లో జరిగింది చూడండి. ఉద్యోగి ఒకరు ఆఫీసు ల్యాప్‌టాపు ఇంటికి తీసుకెళ్లారు. ఇంట్లో వారి జీవిత భాగస్వామి దానిలో ఫైళ్లు పంచుకునే ప్రోగ్రాము పెట్టారు. సుమారు 17,000 మంది ఉద్యోగుల, మాజీ ఉద్యోగుల వివరాలు బయటపడ్డాయి. అమెరికాలోనే యూటా రాష్ట్రంలో బాకీలు వసూలుచేసే ఒక చిన్న కంపెనీ ఉంది. దాని పెద్ద అధికారి యంత్రంలోనే ఇలాంటి ప్రోగ్రాము ఉండి, సుమారు 3,800 మంది ఆసుపత్రి రోగుల వివరాలు బయటికి పోయాయని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2012లో అభియోగం మోపింది. అంతకు రెండేళ్ల ముందు, 2010 ఫిబ్రవరిలో, మీ ఫైళ్లు సంతలో కనిపిస్తున్నాయని ఆ కమిషనే దాదాపు వంద సంస్థలకి ఉత్తరాలు రాసింది.

సర్వరులో పొరపాటున పెట్టిన కాగితాన్ని తీసెయ్యవచ్చు. సాటివారి పంపకంలో పడ్డ కాగితాన్ని వెనక్కి పిలవడం కుదరదు. పుచ్చుకున్న ప్రతివాడూ ఇచ్చేవాడే కదా! మొదటి యంత్రం ఆపేసినా మిగతావి పంచుతూనే ఉంటాయి. నోట్సు ఆటలో మెచ్చుకున్న గుణమే ఇక్కడ గొంతు మీద కత్తి ఐంది.

మా విద్యార్థి కథలో కూడా ఇదే జరిగింది. ఆ కుర్రాడి యంత్రం వెతుకుతుంటే, బిట్‌టొరెంట్ కాక పాత రకం ప్రోగ్రాము ఇంకొకటి దొరికింది. డి డ్రైవు మొత్తం దానికి అప్పజెప్పి ఉంది. అందులో ఖాతాదారుల పాన్ కార్డులు, పద్దులు, సంతకాలు. ఎవరైనా తీసుకున్నారా? ఎవరు? ఆ ప్రోగ్రాము చిట్టా ఏమీ రాసుకోలేదు. ఆఫీసు యజమాని ఆ ఖాతాదారులందరికీ ఒక్కొక్కరికే ఫోను చేసి, జరిగింది చెప్పాడట. చెప్పకుండా ఊరుకుందామన్నవాళ్లు ఆఫీసులో ఉన్నారట కూడా. కొందరు ఖాతాలు మార్చేసుకున్నారు. కుర్రాడి ఉద్యోగం మాత్రం పోలేదు. వద్దని అంతవరకూ ఎవరూ చెప్పలేదు కదా!

తలుపులు మూయడం

ఇప్పుడు ఆపడం సంగతి. ఆఫీసుకీ బయటి ప్రపంచానికీ మధ్య ఫైర్‌వాల్ ఉంటుంది. ఫైర్‌వాల్ అంటే నిప్పుగోడ. ఒక గదిలో అంటుకున్న మంట పక్క గదికి పాకకుండా భవనాల్లో కట్టే గోడకి ఆ పేరు. ఇక్కడ మాత్రం అది గోడ కాదు, చెక్‌పోస్టు. వచ్చే పోయే ప్రతి పొట్లాన్నీ ఆపి, దాని మీద రాసిన వివరాలు చూసి, పోనిస్తుంది లేదా పారేస్తుంది.

ప్రతి పొట్లం మీదా చిరునామాతో పాటు పోర్టు నంబరు ఉంటుంది. చిరునామా భవనమైతే పోర్టు గది నంబరు. ఈ నంబరు 16 బిట్లు గనక 65,536 గదులకి వీలుంది. వెబ్ పేజీలకి 80, 443 గదులు. ఉత్తరాలు ఒక సర్వరు నుంచి ఇంకొకదానికి చేరేది 25లో. న్యుటెల్లా 6346లో ఉండేది, కజా 1214లో, బిట్‌టొరెంట్ 6881 నుంచి 6889 దాకా.

ఐతే ఇంకేం, ఆ నంబర్లు మూసేస్తే సరి! మా విద్యార్థి కూడా అదే చేశాడు. రెండు రోజులు హాయిగా గడిచింది. మూడో రోజుకి ఇంకో యంత్రం నుంచి మళ్లీ అరవై సంభాషణలు. ఎలాగంటే, ఆ గది నంబర్లు ఆచారమే గాని శాసనం కాదు. ఒక తలుపు మూసి ఉంటే ప్రోగ్రాము ఇంకో తలుపు తడుతుంది. కజా రెండో రూపం ఏకంగా 80లోంచే పోవడం నేర్చింది. ఆ రోజుల్లో 80 మూస్తే ఆఫీసులో చాలా వెబ్ పేజీలు వచ్చేవి కావు.

అప్పుడు రెండో ఉపాయం వచ్చింది: పైన రాసిన చీటీ నమ్మకుండా పొట్లం విప్పి చూడటం. చెక్‌పోస్టులో లారీ పర్మిటు చూసి వదిలెయ్యకుండా టార్పాలిను ఎత్తి చూడటం లాంటిది. రెండు బిట్‌టొరెంట్ యంత్రాలు కలిసినప్పుడు మొట్టమొదట పంపుకునే బైటు విలువ 19. ఆ వెంటనే ఇంగ్లీషులో బిట్‌టొరెంట్ ప్రోటోకాల్ అనే మాటలు వస్తాయి. మొదటి మాటకి పది అక్షరాలు, మధ్యలో ఖాళీ ఒకటి, రెండో మాటకి ఎనిమిది, మొత్తం పంతొమ్మిది. ఇంగ్లీషులో రాసి లెక్కపెట్టుకోండి. ఏ తలుపులోంచి పోయినా ఈ పలకరింపుతో దొరికిపోతుంది.

దొరికింది కొంతకాలం. 2006 నాటికి బిట్‌టొరెంట్ ప్రోగ్రాములు పలకరింపుతో సహా అన్నిటినీ రహస్యలిపిలో పంపడం మొదలుపెట్టాయి. టార్పాలిను ఎత్తితే లోపల సీలు వేసిన ఇనప పెట్టె! చూసేవాడికి అర్థంలేని బిట్లు తప్ప ఏమీ కనిపించవు.

సీలు వేసినా నడక దాచడం కష్టం. ఒక ఇంట్లోంచి అర్ధరాత్రి రెండు వందల సైకిళ్లు రెండు వందల ఊళ్లకి బయలుదేరాయనుకోండి. మూటల్లో ఏముందో చూడకపోయినా అది పెళ్లివారి ఇల్లు కాదని చెప్పగలం. మామూలు ఉద్యోగి యంత్రం కొద్ది సర్వర్లతో మాట్లాడుతుంది, తీసుకునేది ఎక్కువ, పంపేది తక్కువ. సాటివారి పంపకంలో ఉన్న యంత్రం వందల కొత్త చిరునామాలతో మాట్లాడుతుంది, వాటిలో చాలా భాగం ఇళ్లలోని కంప్యూటర్లు, పంపేది కూడా దండిగా ఉంటుంది. ఈ నడకని బట్టి పట్టే ఫైర్‌వాల్‌లు ఉన్నాయి. కాకపోతే అప్పుడప్పుడు పొరపడతాయి, వీడియోలో మాట్లాడుకుంటున్న పెద్దమనుషుల్ని కూడా పట్టుకుంటాయి.

పరీక్ష హాలు నియమం

దొంగ తెలివి మీద పోలీసు తెలివి, దాని మీద మళ్లీ దొంగ తెలివి అంటూ ఇలా ఎంత దూరమైనా పోవచ్చు. మా విద్యార్థికి అంత డబ్బూ లేదు, ఓపికా లేదు. వాడు ప్రశ్ననే తిరగేశాడు.

పదో తరగతి పరీక్ష హాల్లోకి ఏవి తేకూడదో జాబితా రాయాలంటే తెల్లవారుతుంది. పుస్తకం, చీటీ, ఫోను, చేతిమీద రాత, జేబురుమాలు మీద రాత! అలాకాకుండా, కలం, హాలుటిక్కెట్టు, అట్ట తప్ప ఏదీ తేకూడదు అంటే ఒక్క వాక్యంలో ఐపోతుంది. ఫైర్‌వాల్‌లో కూడా అంతే. "ఇవి తప్ప అన్నీ పోవచ్చు" అనే నియమం తీసేసి, "ఇవి తప్ప ఏదీ పోకూడదు" అని రాశాడు. లోపలికి వచ్చేవాటికి ఈ నియమం చాలాచోట్ల ముందునుంచీ ఉంటుంది. వాడు లోపలినుంచి బయటికి పోయేవాటికి కూడా పెట్టాడు. అసలు కిటుకు అదే. సాటివారి పంపకంలో మొదట తలుపు తీసేది లోపలి యంత్రమే కాబట్టి, వచ్చేవారిని మాత్రమే ఆపే కాపలాదారు వల్ల లాభం లేదు. వెబ్ పేజీలు కావాలన్నా నేరుగా పోకుండా ప్రాక్సీ అనే మధ్యవర్తి యంత్రం ద్వారానే పోవాలన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసులో రభస. పద్దుల గుమాస్తా వాడే బ్యాంకు ప్రోగ్రాము ఒకటి ఎవరికీ తెలియని గది నంబరులోంచి పోతుందట. అది ఆగిపోయింది. యజమాని కేకలేశాడు. ఇలా ఆగిపోయినవన్నీ ఒక్కొక్కటే కనుక్కుని జాబితాలో చేర్చడానికి మూడు వారాలు పట్టిందన్నాడు. ఈ పద్ధతి ఖరీదు డబ్బు కాదు, ఈ మూడు వారాలు.

ఫైజర్ కథ ఒకసారి గుర్తుతెచ్చుకోండి. ఆ ల్యాప్‌టాపు ఇంట్లో ఉంది. ఆఫీసు గేటు దగ్గర ఎంత గొప్ప ఫైర్‌వాల్ పెట్టినా దానికేం తెలుస్తుంది? అంచేత తాళం గేటుకే కాదు, యంత్రానికి కూడా వెయ్యాలి. కొత్త ప్రోగ్రాము పెట్టే అధికారం యంత్రం వాడేవాడికి ఇవ్వకుండా, దాన్ని చూసుకునేవాడి దగ్గరే ఉంచాలి. నన్నడిగితే పోర్టులు, రహస్యలిపి అన్నిటికన్నా ఈ ఒక్కటీ ఎక్కువ పని చేస్తుంది. దీన్ని ఆ పెద్ద అధికారులకి కూడా వర్తింపచెయ్యాలి. యూటా కంపెనీలో ప్రోగ్రాము దొరికింది గుమాస్తా యంత్రంలో కాదు కదా!

లైను అమ్మేవాడు ఆపవచ్చునా?

ఆఫీసు తన లైనులో ఏం పోవాలో తను నిర్ణయించుకోవడం ఒక సంగతి. డబ్బు పుచ్చుకుని లైను అమ్మినవాడు కొన్నవాడి పొట్లాలు ఆపడం ఇంకో సంగతి. ఇది అమెరికాలో పెద్ద తగాదా ఐంది.

2007లో రాబ్ టొపోల్‌స్కీ అనే ఇంజనీరు పాతకాలపు నలుగురి బృందగానాల రికార్డులు బిట్‌టొరెంట్‌లో పంచబోయాడు. హక్కులు ఎప్పుడో తీరిపోయిన పాటలవి. ఎంతకీ పోవు. ఆయన పొట్లాలు పట్టి పరిశీలిస్తే చిత్రమైన సంగతి తెలిసింది. రెండు యంత్రాలు మాట్లాడుకుంటుంటే, మధ్యలో ఆయనకి లైను ఇచ్చిన కామ్‌కాస్ట్ కంపెనీ, ఒకరి పేరుతో ఇంకొకరికి "ఇక చాలు, ఉంటాను" అనే దొంగ పొట్లం పంపుతోంది. నమ్మి ఇద్దరూ ఫోను పెట్టేస్తున్నారు! మా చిన్నప్పుడు ట్రంకు కాల్ మధ్యలో తెగిపోయేది గాని, ఎక్స్ఛేంజివాడు మన గొంతుతో సెలవు పుచ్చుకునేవాడు కాదు. అదే ఏడు అక్టోబరులో అసోసియేటెడ్ ప్రెస్ విలేఖరులు బైబిలును పంచి చూసి, నిజమేనని తేల్చారు. 2008 ఆగస్టులో అక్కడి సమాచార కమిషను ఈ పని మానమని ఆదేశించింది. 2010 ఏప్రిల్‌లో కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. దొంగ పొట్లాలు మంచివని కాదు, ఆ ఆదేశం ఇచ్చే అధికారం చట్టప్రకారం కమిషనుకి ఉన్నట్టు రుజువు కాలేదని.

ఆపెయ్యకుండా, ఎవరి వాటా వారికి కట్టేసే మార్గం కూడా ఉంది. నీళ్ల టాంకు నుంచి ఒక వీధికి సన్నపు గొట్టం, ఇంకో వీధికి లావు గొట్టం వేసినట్టు. సాటివారి పంపకానికంతా కలిపి లైనులో పదో వంతు మించకుండా రూటరులో నియమం రాయవచ్చు. విశ్వవిద్యాలయాలకి ఇది బాగా పనికొచ్చింది. ఎందుకంటే అక్కడ లినక్స్ లాంటి ఉచిత ప్రోగ్రాములు న్యాయంగానే బిట్‌టొరెంట్ ద్వారా తెచ్చుకునేవారుంటారు. కాని పద్దుల ఆఫీసుకి ఇది చాలదు. పాన్ కార్డు సన్నపు గొట్టంలోంచి కూడా పోగలదు.

సాటివారి పంపకాన్ని గేటు దాటనివ్వని ఆఫీసుల్లో లోపల అదే ఉపాయం వాడేవి ఉన్నాయి. విండోస్ 10 వచ్చిన 2015 నుంచి, దాని కొత్త సవరణలు ఒక యంత్రం బయటినుంచి తెచ్చుకుంటే, పక్క యంత్రాలు బయటికి పోకుండా ముక్కలు దాని దగ్గర్నుంచే పుచ్చుకునే వీలుంది. అవి 7680 గదిలో మాట్లాడుకుంటాయి. వంద యంత్రాలకి వంద సార్లు దించవలసిన ఫైలు, కుదిరితే ఇంచుమించు ఒక్కసారితో సరిపోతుంది. పీర్ టు పీర్ అన్న పేరు చూసి భయపడి దీన్ని కూడా మూసేసినవాళ్లు తమ లైను తామే ఇరుకు చేసుకున్నారు.

ఇక మీకో లెక్క. ఒక ఆఫీసు లైను సెకనుకి 6 మెగాబిట్లు. ముప్పై మంది తలా ఒక సంభాషణతో పని చేసుకుంటున్నారు. ఇద్దరు తలా 45 సంభాషణలతో సినిమాలు పంచుతున్నారు. ముప్పై మందిలో ఒక్కొక్కరికి ఎన్ని కిలోబిట్లు వస్తాయి? ఆ ఇద్దరికీ కలిపి లైనులో పదో వంతు మించకుండా కట్టేస్తే ఎన్ని వస్తాయి? నాకు మొదటిదానికి 50, రెండోదానికి 180 వచ్చాయి. మీకు వేరే వస్తే ఎక్కడ తేడా వచ్చిందో వెతకండి. మెగాబిట్టుకి వెయ్యి కిలోబిట్లుగా తీసుకున్నాను.